ప్లాను గీయకముందే మమ్మల్ని అడిగే యాప్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి కొర్లగుంటలో నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. సోమవారం గ్రీవెన్స్‌కు పోయేవాళ్లు ముందురోజు సాయంత్రమే వచ్చి అర్జీలు టైపు చేయించుకుంటారు. ఈ ఊరికి ఏం కావాలో ఆ అర్జీలు చదివితే తెలిసిపోతుంది. పూడిపోయిన కాలవ, వెలగని లైటు సరే, స్కూలు ముందు పిల్లలు రోడ్డు దాటడానికి దారి, బస్టాపు కాడ నీడ కూడా అడుగుతారు. రోడ్డు వెడల్పు చేస్తే తోపుడు బండ్లు ఎక్కడికి పోవాలని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒకే వీధివాళ్లు ఒకే సంగతి మీద ఎవరికి వారు వచ్చి రాయించుకుంటారు. పక్కింటివాళ్లు కూడా అదే అడిగారని వాళ్లకు తెలియదు. కొందరైతే "పోయినసారి రాసిందే అక్కా, తేదీ మార్చి ప్రింటు తియ్యి" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

మా వీధిలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కొందరు దీనికోసం ఒక వెబ్ యాప్ తయారు చేస్తున్నారు. తిరుపతి మ్యాపు మీద ఒక చోట వేలు పెట్టి, అక్కడ ఏం రావాలో తెలుగులో రాయొచ్చు. రాయడం రానివాళ్లు మాట్లాడి చెప్పొచ్చు. అదే సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే, దానికే మన మద్దతు కలిపితే చాలు. స్క్రీన్ మీద వచ్చే తెలుగు సరిచూడమని నన్ను పిలిచారు కాబట్టి ఆ పనిని దగ్గర్నుంచి చూశాను. అందుకే ఈ ఉత్తరం.

ఫిర్యాదుల యాప్‌లకు ఇప్పుడు కొదవలేదు. పురమిత్ర ఉంది, స్వచ్ఛత ఉంది, 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో మన మిత్ర ఉంది. ఉన్నది పాడైతే చెప్పుకోవడానికి అవి పనికొస్తాయి. కొత్తగా ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి అని తేల్చే రోజున మాత్రం మా మాట చేరే దారి లేదు. జేసీబీ వచ్చి నిలబడ్డాక గదా చాలామందికి సంగతి తెలిసేది! మాస్టర్ ప్లాను ముసాయిదా మీద అభ్యంతరాలుంటే చెప్పమని ప్రకటన వేస్తారు, నిజమే. ఆ మ్యాపులో సర్వే నంబర్లు చూసి తన ఇల్లు ఎక్కడుందో పోల్చుకోగలిగేవాళ్లు ఎందరు? ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడే వాటి వివరాలన్నీ ప్రచురించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్లోనే ఉంది. మేము అడిగేది అదే.

2021 నవంబరు వానలు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. తిరుమల కొండ మీది మాల్వాడి గుండం పొంగింది, కపిలతీర్థం దెబ్బతింది, కొండల మీది నీళ్లు దిగి కాలనీలు మునిగాయి. పాత వంకలు ఎటు పారేవో మా పెద్దవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఇళ్లున్న చోట కాలవ ఎంత వెడల్పుండేదో ఒక పెద్దాయన అడుగుల లెక్కన చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో ఏమో. అట్లాంటివాళ్లు చెప్పింది మ్యాపు మీదే గీసి పెట్టుకునేలా చేయమని పిల్లలకు చెప్పాను, ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు. డ్రైనేజీ గీసే ఇంజనీరుకు దీనికంటే ముందు చూడాల్సింది ఏముంటుంది?

ఇంకో చిక్కు, ఏ రోడ్డు ఎవరిదనేది. కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ), రైల్వే, టీటీడీ అన్నీ ఉన్న ఊరు మాది. శ్రీనివాస సేతు వంతెనకే స్మార్ట్ సిటీ, టీటీడీ రెండూ డబ్బు పెట్టాయి. అర్జీ ఎవరి పేరున రాయాలో తెలియక నా షాపులోనే ఎంతో మంది తికమక పడతారు. మ్యాపు మీద వేలు పెట్టగానే ఆ శాఖ పేరు రావాలి. జవాబు చెప్పాల్సింది ఆ శాఖే. ఒప్పుకుంటే ఎప్పుడు, ఎంత ఖర్చుతో చేస్తారో రాయాలి. కుదరకపోతే ఎందుకు కుదరదో అందరికీ కనబడేలా రాయాలి. మాట చెప్పినవాళ్ల ఫోను నంబరు మాత్రం ఎవరికీ కనిపించకూడదు. రోడ్డు వెడల్పు వద్దన్న ఆడమనిషి ఇంటికి ఎవరో ఫోను చేసి అడిగే పరిస్థితి రాకూడదు.

ఓటీపీ సంగతీ చెప్పాలి. దొంగ మద్దతులు రాకుండా ఓటీపీతో సరిచూసి, ఫోను నంబరుకు ఒక్క మద్దతే అన్నారు పిల్లలు. ఇంటికి ఒక్క ఫోను ఉండి, అది మగవాళ్ల జేబులో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ల మాట ఎట్లా వస్తుంది? వార్డు సచివాలయంలో కాగితం ఇచ్చినా అక్కడివాళ్లు యాప్‌లో ఎక్కించాలి. పుణెలో 2006 నుంచి నగర బడ్జెట్టుకు జనం సూచనలు తీసుకుంటున్నారు. బార్సిలోనా 2016లో మొదలుపెట్టిన డెసిడిమ్ అనే, జనం సూచనలు తీసుకునే సాఫ్ట్‌వేర్ అయితే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పిల్లలు దాన్ని చూసే చాలా నేర్చుకున్నారు.

సాఫ్ట్‌వేర్ కంటే సమాచారం దొరకడమే కష్టంగా ఉంది. ఒక కార్యాలయంలో పనుల జాబితా అడిగితే స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చారు. ఇంకోటి అను ఫాంట్లలో టైపు చేసింది. చూడ్డానికి తెలుగే, కాపీ చేస్తే మాత్రం గుర్తుల గందరగోళం. అందులోంచి మా వీధి పేరు ఏ యాపూ వెతకలేదు. ఆ జాబితాలు రెండూ మళ్ళీ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా వెతకడానికి వీలయ్యే తెలుగులో, నేనే టైపు చేసి ఇచ్చాను.

కార్పొరేషన్ అధికారులకు నా మనవి. వచ్చే బడ్జెట్టుకు నెల ముందు, 50 డివిజన్లలో ఒక్కదాంట్లోనైనా అనుకుంటున్న పనుల జాబితా అంచనా ఖర్చుతో సహా యూనికోడ్‌లో ఇప్పించండి. దాన్ని మ్యాపు మీద పెట్టే పని పిల్లలు చూసుకుంటారు. టైపింగ్ ఏమైనా మిగిలితే నేను చేస్తాను.

ఇట్లు,
డీటీపీ షాపు నడుపుకునే ఒక మహిళ,
కొర్లగుంట, తిరుపతి