విద్యాశాఖ మంత్రిగారికి ఒక జిరాక్స్ షాపువాడి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

వలసపోయే కుటుంబాల్లో 9, 10 చదివే పిల్లల్ని హాస్టల్లో ఉండనివ్వండి, బడి హక్కు వయసును 14 నుంచి 18కి పెంచండి. ఇదే విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మూడూ నా షాపులోనే టైపు చేసి, నా షాపులోనే జిరాక్సు తీసి, సోమవారం గ్రీవెన్సులో లైన్లో నిలబడి ఇచ్చినవే. మూడింటికీ రసీదులున్నాయి. మూడింటికీ 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని మెసేజీలు కూడా వచ్చాయి, ఏం పరిష్కరించారో మాత్రం మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఒక రోజు రికార్డెడ్ ఫోన్ వచ్చింది, పరిష్కారంతో సంతృప్తి చెందితే 1 నొక్కండి, లేకపోతే 2 నొక్కండి అని. షాపులో జనం ఆధార్ కాపీల కోసం మీద పడుతున్నారు, తొందరలో 1 నొక్కేశాను. తప్పు నాదే. ఆ ఒక్క నొక్కుడుతో మా దగ్గర హైస్కూలు డ్రాపౌట్లు మాయమైపోయినట్టు మీ లెక్కల్లో పడిపోయిందేమో, అందుకే ఈసారి అందరూ చూసేలా రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా పడమటి పల్లె. సుగ్గి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, మీ ఫైళ్లలో 'సీజనల్ మైగ్రేషన్' అని ఉంటుంది. దీపావళి దాటిందంటే ఊరి బయట లారీలు, బొలెరోలు వచ్చి ఆగుతాయి. ముందు పత్తి, తర్వాత గుంటూరు వైపు మిరపకోత, దాదాపు 400 కిలోమీటర్లు. జొన్నపిండి మూటలు, సత్తుగిన్నెలు, ఒక్కోసారి కోళ్లు కూడా ఎక్కుతాయి, వాటి మధ్యనే పిల్లలూ ఎక్కుతారు. ఊళ్లో ముసలివాళ్లు, తాళాలు మిగులుతాయి. తుంగభద్ర పక్కనే పారుతున్నా మా చేలు వానకోసం ఆకాశం వైపు చూడాల్సిందే, కానీ అది నీటిపారుదల శాఖ సంగతి, ఆ మంత్రిగారికి వేరే ఉత్తరం రాస్తాను.

పెద్దలు సుగ్గికి పోయినన్నాళ్లు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి చిన్నపిల్లలకు సీజనల్ హాస్టల్ పెడుతున్నారు. కొన్నిసార్లు సంక్రాంతి అయ్యాక తెరుస్తారు, అప్పటికి లారీలు వెళ్లిపోయి రెండు నెలలవుతుంది, సరే, పెడుతున్నారు కాబట్టి దాని జోలికి పోను. మేమడిగింది 9, 10 చదివే పిల్లల్ని కూడా అందులో ఉండనివ్వండి అని. మా దగ్గర ఎనిమిది దాకానే చేర్చుకుంటామన్నారు. ఎందుకని అర్జీ పెడితే జవాబు వచ్చింది, 'విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరముల వారికి మాత్రమే వర్తించును' అని. వర్తించును! అంతే, ఫైలు మూసేశారు. పిల్లలతో పని చేయిస్తున్నారని ఇంకో ఆఫీసులో చెబితే అక్కడా ఇదే పాట, '14 దాటింది కదా'. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 14 దాటిన పిల్లలు ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావి చేసుకోవచ్చట. మిరపకోతను ఎవరు ప్రమాదం అనుకుంటారు చెప్పండి, మీరూ నేనూ ఆవకాయ తినేటప్పుడు కూడా అనుకోం.

మా వీధిలో ఒక పిల్ల ఉంది, పేరు రాయను. తొమ్మిదిలో క్లాసుకు రెండో స్థానం. పదిలో పరీక్ష ఫీజు కూడా కట్టింది. అవ్వ దగ్గర వదిలి పోదామనుకున్నారు, అవ్వ నవంబరులో పోయింది. వయసొచ్చిన ఆడపిల్లను తాళం వేసిన ఇంట్లో ఎవరి దగ్గర వదలాలి? వాళ్ల నాయిన నా షాపు ముందు నిలబడి, 'హాస్టల్లో పెట్టుకుంటే వదిలిపెట్టి పోతాన్నా, పెట్టుకోరంట, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం, ఏం జేయాల్నా?' అన్నాడు. నేనేం చెప్పను? లారీ ఎక్కించాడు. మార్చిలో వాళ్ల బడి సారు వచ్చి, వస్తే ఇవ్వమని ఆమె హాల్ టికెట్ నా దగ్గర పెట్టి వెళ్లాడు. ఇప్పుడు హాల్ టికెట్లు వాట్సాప్‌లో కూడా వస్తున్నాయి కదా, గొప్ప సంగతే, కానీ పిల్ల మిరప చేలో ఉంటే వాట్సాప్ ఏం చేస్తుంది. ఏప్రిల్‌లో వచ్చింది. వేళ్ల కొసలు ఎర్రగా పొక్కి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయి ఉంది. రాత్రి కొబ్బరినూనె పూసుకున్నా మంట తగ్గేది కాదట, మరిచిపోయి కళ్లు నులుముకుంటే అంతే సంగతులట. హాల్ టికెట్ తీసి చూపించాను. దాని మీద ఉన్న తన ఫోటో కాసేపు చూసుకుని, 'ఉండనీలే అన్నా, నీ దగ్గరే పెట్టు' అని వెళ్లిపోయింది. డ్రాయర్లో స్టాపిల్ పిన్నుల డబ్బా కింద ఇంకా ఉంది. సప్లిమెంటరీ రాయమని నేను రెండుసార్లు కబురు పెట్టాను, రాలేదు.

ఆమె కంటే ముందు తొమ్మిదిలోనే మానేసిన పిల్లాడు ఒకడున్నాడు. వాడి గురించి అడిగితే 'ఆన్‌లైన్లో డ్రాప్‌బాక్సులో పడ్డాడు' అన్నారు, అంటే బడి వదిలి ఇంకెక్కడా చేరని పిల్లల పేర్లు పడే లిస్టట. బాక్సులో పడ్డవాణ్ణి తీసేదెవరో చెప్పలేదు. వాడు ఇప్పుడు ట్రాక్టర్ మీద తిరుగుతున్నాడు, లైసెన్సు వయసు కూడా రాలేదు.

తల్లికి వందనం అంటారు, ఇంటర్ దాకా ఇస్తున్నారు, తల్లి ఖాతాలో 13 వేలు. కాదనను, డబ్బు పడిన రోజు మా షాపు కిటకిటలాడింది. కానీ 75 శాతం హాజరు కావాలి కదా. సుగ్గికి పోయిన పిల్లకు 75 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? బడికి దూరమైందని డబ్బు ఆగిపోతుంది, డబ్బు ఆగింది కాబట్టి మళ్లీ సుగ్గికి పోతారు. జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, అదీ మంచిదే. ఆ పళ్లెం ముందు కూర్చునేదాకా పిల్ల వస్తే కదా సార్!

పద్దెనిమిది నిండకపోతే ఓటు లేదు. ఆడపిల్లకు పెళ్లి చేస్తే కేసు. బడి హక్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం 14కే పెద్దవాళ్లయిపోతారు, ఇదెక్కడి లెక్కో నాకర్థం కాలేదు. 2010 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చింది, అప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుడుతున్నారు, ఆ 14 మాత్రం 14 దగ్గరే ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో 3 నుంచి 18 ఏళ్ల వరకు అందరికీ చదువు అని మీ పెద్దలే రాసుకున్నారు, 2030 గడువు కూడా పెట్టుకున్నారు. రాసుకున్నది చట్టంలో ఎప్పుడు ఎక్కిస్తారు? అది ఢిల్లీ చట్టం అంటారేమో, విద్య ఉమ్మడి జాబితాలోనే ఉంది, మన అసెంబ్లీ కూడా ఒక మాట అనొచ్చు. అనలేకపోతే కనీసం మా హాస్టల్ తలుపు తీయడానికి ఢిల్లీ అక్కర్లేదు కదా.

వయసు పెంచమంటే తల్లిదండ్రుల మీద కేసులు పెట్టమని కాదు, దయచేసి అలా అర్థం చేసుకుని పోలీసుల్ని పంపకండి. నిర్బంధ విద్య అన్న మాట వినగానే మావాళ్లంతా ఆ నిర్బంధం తమ మెడకే అనుకుంటారు. నేనూ అనుకున్నాను, ఒక లాయరుగారు కాపీలు తీయించుకుంటుంటే చదివాను, విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్లో ఆ బాధ్యత ప్రభుత్వానిదని స్పష్టంగా ఉంది. చేర్చుకోవడం, హాజరయ్యేలా చూడటం, పూర్తయ్యేదాకా వదలకపోవడం, మూడూ మీవే. 14 దగ్గర ఎందుకు చేతులు దులుపుకుంటున్నారో ఇప్పుడర్థమైంది, 18 అంటే ఇంకో నాలుగేళ్లు మీరు కట్టుబడాలి.

కాబట్టి అయ్యా, 18 చేయండి. చేసేలోపు 9, 10 పిల్లలకు హాస్టల్ ఇవ్వండి, ఆడపిల్లలకు వేరుగా, తలుపుకు గడియ ఉండేలా. దీపావళికి ముందు తెరవండి, సంక్రాంతికి కాదు. మళ్లీ చెబుతున్నా, దీపావళికి ముందు. లారీలు వచ్చాక ఎన్ని సర్వేలు చేసినా, 'మన బడికి పోదాం' అని ఎన్ని ర్యాలీలు తీసినా వినడానికి ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు.

ఈ లేఖకు కూడా మెసేజ్ వస్తుందని తెలుసు. ఈసారి ఫోన్ వస్తే షాపు మూసేసి మరీ 2 నొక్కుతాను.

ఇట్లు,
పడమటి పల్లెలో జిరాక్స్ షాపువాడు