రోళ్ళపాడులో మాకు మంచెలు కట్టించండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నందికొట్కూరు దగ్గర పల్లె మాది. పద్నాలుగేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. ఈ ఉత్తరంలో ఎవరి మీదైనా ఫిర్యాదు కనిపిస్తే అది ముందు నా మీదే అనుకోండి.

రోళ్ళపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పక్షి కోసం పెట్టారు. ఆ పక్షి కనబడటం గగనమైపోయింది గానీ, ఆరు చదరపు కిలోమీటర్ల ఆ గడ్డినేలకు చలికాలంలో పిల్లిగద్దలు (ఇంగ్లీషులో హారియర్లు) ఇంకా వస్తున్నాయి. కజకిస్తాన్ వైపు మైదానాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొస్తాయి. పగలంతా శనగ చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతల్ని పట్టుకు తింటాయి. (మిడతల కోసం వెతుక్కుంటూ సరిగ్గా మిడుతూరు మండలానికే రావడం చూస్తే నాకు ఏటా నవ్వొస్తుంది.) రాత్రికి మాత్రం చెట్టెక్కవు. గడ్డిలో నేల మీదే పడుకుంటాయి.

అవి దిగడం చూడాలి సార్. పొద్దు వాలుతుండగా ఒక పోతు వస్తుంది. బూడిద రంగు ఒళ్లు, నల్లటి రెక్కల కొసలు. రెండు చుట్లు తిరిగి గడ్డిలో మాయమవుతుంది. నిమిషానికే లేచి పది గజాలవతల దిగుతుంది. మళ్లీ లేస్తుంది. కొత్తచోట నిద్రపట్టని చుట్టంలా అటూ ఇటూ సర్దుకుని చివరికి కుదురుకుంటుంది. మాకు కావలసిన బంగారు వెలుతురూ అప్పుడే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మూడేళ్ల కిందట ఆ వెలుతురు కోసమే నేను గడ్డిలోకి నడిచాను. నా అడుగుల కిందనుంచి లేచినట్టుగా పెంటి ఒకటి లేచింది. సెకనుకు ఇరవై ఫ్రేములు కొట్టాను. ఫొటో చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి పెద్ద తెరమీద చూస్తే, కాళ్లు ఇంకా వేలాడుతున్నాయి, గోళ్లలో గడ్డిపరక ఇరుక్కుని ఉంది, తల వెనక్కి తిప్పి నన్నే చూస్తోంది. దాంతోపాటు లేచినవి ఆ చీకట్లో మళ్లీ ఎక్కడ దిగాయో నాకు తెలియదు. నక్కలూ అడవిపిల్లులూ తిరిగే నేల అది. ఆ ఫొటోను చెరిపేశాను. అయినా మరుసటి ఏడాది అదే గడ్డిలో నాలాంటివాళ్లు మరో ఐదుగురు కనిపించారు.

చట్టం లేక కాదు. 1972 వన్యప్రాణి చట్టం పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదిలించడాన్ని వేట కిందే లెక్కగడుతుంది. కానీ పిల్లిగద్దలు ఇక్కడ గూడు పెట్టవు, నిద్రపోతాయి. 2022 సవరణ వచ్చాక, ప్రాణులకూ వాటి నెలవుకూ చేటు జరగకుండా ఉంటేనే అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి అనుమతి. సాయంత్రం ఎన్నింటి తర్వాత, ఎంత దూరంలో ఆగాలో చట్టం చెప్పదు. అది మీరు చెప్పగలరు.

పొద్దున ఎంతసేపైనా తీసుకోనివ్వండి, బాటల మీదనుంచి. సాయంత్రం నాలుగున్నర దాటితే గడ్డిలోకి మనిషీ బండీ వెళ్లకూడదని రాతపూర్వకంగా ఇవ్వండి. మమ్మల్ని పూర్తిగా ఆపేస్తే మాత్రం దొంగచాటుగా వస్తాం, మా సంగతి నాకు తెలుసు. అందుకని గడ్డి అంచున రెండు మూడు మంచెలు వేయించండి. చుట్టూ చొప్పదడి, లెన్సు పట్టేంత కంత. చీకటి పడ్డాకే దిగాలని షరతు పెట్టండి. రుసుము వసూలు చేసి, ఊళ్లో పిల్లలనే కాపలాకు పెట్టండి. ఏ గద్ద ఎక్కడ దిగుతుందో మాకంటే గొర్రెలు కాసేవాళ్లకే బాగా తెలుసు.

ఇంకొక్కటి. అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాల ఫొటో పోటీల్లో గూటి ఫొటోలకూ, ఎర పెట్టి రప్పించిన డేగల ఫొటోలకూ బహుమతి లేదని ముందే ప్రకటించండి. బహుమతి లేదంటే సగంమంది రాతిగుట్టల్లో గుడ్లగూబ పిల్లల్ని వెతకడం మానేస్తారు.

పక్షులు అక్టోబరుకు రావడం మొదలెడతాయి. దసరాలోపు మంచెలు లేస్తే చాలు. దడికి కావలసిన జొన్నచొప్ప మా వామిలో ఉంది, బండి కట్టుకుని నేనే తెస్తాను.

ఇట్లు,
నందికొట్కూరు నుంచి ఒక ఫొటోగ్రాఫర్