ఉద్యోగం వస్తే ఆట ఆగిపోదు

రాయగడ

చిన్నీ,

ఎలా ఉన్నావు? మేమిద్దరం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్‌లో నువ్వు, "ఇదే ఆఖరి ఏడాది, కాలేజీ అయ్యాక బాస్కెట్‌బాల్ ఎవరు ఆడనిస్తారమ్మా" అన్నావు. మామయ్య పక్కనే ఉన్నాడని నేనేమీ మాట్లాడలేదు. తీరిగ్గా చెప్పాల్సిన మాటలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

డిగ్రీ అవగానే బీఎడ్‌లో చేరమని, ఆట కూడు పెట్టదని మామయ్య అంటాడు. వాడికి నీ మీద ప్రేమ లేక కాదు. ఆట వేరు, బతుకుతెరువు వేరు అని వాడి లెక్క. నువ్వూ అదే లెక్కలో పడిపోతున్నావేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

బాస్కెట్‌బాల్ ఆడే గీతూ అన్నా జోస్ పేరు నీకు తెలిసిందే. కేరళలో కొట్టాయం దగ్గరి అమ్మాయి. సదరన్ రైల్వేలో ఉద్యోగం చేసింది. ఉద్యోగం వచ్చింది కదా అని బంతి పక్కన పెట్టేయలేదు. 2006 నుంచి 2008 దాకా ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకి ఆడింది. మన దేశం జట్టుకి కెప్టెన్ అయింది. 2011లో అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు మూడు ఆమెను ట్రయల్స్‌కి పిలిచాయి. చోటు రాలేదు. కానీ అక్కడి దాకా వెళ్లింది, తిరిగొచ్చి మళ్లీ ఆడింది. 2014లో అర్జున అవార్డు ఇచ్చారు. రైల్వే ఉద్యోగం ఆమె ఆటకి ఎక్కడ అడ్డమొచ్చింది చెప్పు?

అమెరికాలో పుట్టినవాళ్లకి దారి సులువనుకోకు. 1997లో అక్కడ ఆ లీగ్ ఆటలు మొదలయ్యాయి. కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2024 డ్రాఫ్ట్‌లో మూడు రౌండ్లూ కలిపి 36 మందినే ఎంచుకున్నారు. ఆ ఏడాది ఉన్నవి 12 జట్లు, జట్టుకి మహా అయితే 12 మంది. అంటే మొత్తం 144 చోట్లు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లూ, పదేళ్లుగా ఆడుతున్నవాళ్లూ వాటికోసమే పోటీ పడాలి. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచాక కూడా సీజన్‌కి ముందు జరిగే ట్రైనింగ్ క్యాంపులోనే తీసేసిన వాళ్లు ఎందరో. కాలేజీలో 3,951 పాయింట్లు కొట్టిన కైట్లిన్ క్లార్క్ ఆ ఏడాది అందరికంటే ముందు ఎంపికైంది. అలా ముందు ఎంపికైన అమ్మాయికి కూడా మొదటి ఏడాది లీగ్ జీతం 76 వేల డాలర్ల చిల్లరే. అందుకే ఆ అమ్మాయిలు చాలామంది సీజన్ అయిపోగానే వేరే దేశాల క్లబ్బులకి వెళ్లి ఆడుతూ వచ్చారు. ఒక్క సంపాదన మీదే ఆధారపడకపోవడం అక్కడా ఉన్నదే, నువ్వు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

మన దగ్గర అలాంటి పెద్ద లీగ్ ఆడవాళ్లకి లేదు. మనకున్న గట్టి ఆసరా ఆట చూసి ఉద్యోగమిచ్చే స్పోర్ట్స్ కోటా. నేషనల్స్‌లో ఏళ్ల తరబడి రైల్వే అమ్మాయిలదే పైచేయి. ఉద్యోగం ఇచ్చి, ప్రాక్టీసుకి సమయమిచ్చి, టోర్నమెంట్లకి పంపిస్తే ఆట నిలబడుతుంది. నా దృష్టిలో మనకి ప్రొఫెషనల్ ఆటంటే అదే.

అందుకని ఈ ఏడాది ఇంటర్ యూనివర్సిటీ పోటీల్ని ఆఖరి ఆటలనుకుని ఆడకు. కోటాలో ముందు చూసేది ఆ సర్టిఫికెట్లనే, తర్వాతే ట్రయల్స్. నువ్వు ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎడమ మోచెయ్యి పక్కకి పోతుందని మీ సార్ ఎప్పుడూ అనేవారు. అది సరిచేసుకో.

నీ పాత బంతి ఇంకా మంచం కిందే ఉంది. సిమెంటు కోర్టు మీద కొట్టీ కొట్టీ పైనున్న గరుకంతా పోయి చెయ్యి జారిపోయేలా నున్నగా అయింది, గాలి మాత్రం ఇంకా నిలుస్తోంది. ఆడపిల్లల ఆటకి ఆరో నంబరు బంతే కావాలని నువ్వు పట్టుబడితే, నాన్న విశాఖపట్నం నుంచి తెచ్చారు. అంత పట్టుదల ఉన్న పిల్లవి, ఎవరో ఏదో అన్నారని మానేస్తానంటే నేనొప్పుకోను.

బీఎడ్ కావాలంటే తర్వాతైనా చదువుకోవచ్చు. కోటా ట్రయల్స్‌కి వయసు పరిమితి ఉంటుంది, అది దాటితే మళ్లీ రాదు. మామయ్యతో నేను మాట్లాడతాను, ఆ సంగతి నాకొదిలెయ్. బూట్ల అడుగు అరిగిందన్నావు కదా, డబ్బులు సోమవారం వేస్తాను. వచ్చేటప్పుడు సర్టిఫికెట్లన్నీ పట్టుకురా, జిరాక్సులు తీయించి ఒక సెట్టు బీరువాలో పెడదాం.

అమ్మ