అది మార్చింగ్ బ్యాండు కాదండీ

సంపాదకులకు,

ఆదివారం వ్యాసంలో డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్‌ని మార్చింగ్ బ్యాండుతో కలిపేశారు. రెండూ కవాతు చేస్తూ వాయించే బృందాలే గానీ, కోర్‌లో ఫ్లూటు, క్లారినెట్ ఉండవు. మా రోజుల్లో అంతా ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలే. 1988 వేసవిలో న్యూజెర్సీలో నేను సొప్రానో బ్యూగుల్ (పై స్థాయిలో పలికే ఇత్తడి బూర) ఊదాను. అప్పటి బ్యూగుళ్లకు రెండే వాల్వులు (స్వరం మార్చే మీటలు), మూడోదానికి 1990లో గానీ అనుమతి రాలేదు. దాంతో కొన్ని స్వరాలు ఎంత ఊదినా పలికేవి కావు. రాత్రంతా బస్సు, తెల్లారితే ఏదో ఊరి స్కూలు జిమ్ములో నేల మీద పడక, లేవగానే ఎండలో ప్రాక్టీసు. కింది పెదవి చిట్లితే అమ్మ సర్దిచ్చిన కొబ్బరినూనె సీసాయే దిక్కు. వారంలో మా వరసంతా కలిసి దాన్ని ఖాళీ చేసేశారు. ఆవకాయ సీసా మాత్రం ఎవరికీ చూపించలేదు, ఇప్పుడు చెప్పేస్తున్నా!

– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ