వార్షిక నివేదిక: ఉపరితల జలాల్లో మైక్రోప్లాస్టిక్ పరిశీలన

గౌరవ సభ్యులకు నమస్కారం.

నదులు, చెరువుల ఉపరితల జలాల్లో మైక్రోప్లాస్టిక్‌ను, అంటే 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ప్లాస్టిక్ కణాలను, పౌరుల భాగస్వామ్యంతో పరిశీలించే మన కార్యక్రమం ఈ ఏడాది సాగిన తీరును మీ ముందు ఉంచుతున్నాం. కొత్త స్థలాలను చేర్చడం కంటే, ఉన్న స్థలాల్లో నమూనా సేకరణను కట్టుదిట్టం చేయడానికే కార్యవర్గం ప్రాధాన్యం ఇచ్చింది. ఎన్ని సీసాలు నింపామన్నది కాదు, ప్రతి సీసానూ ఒకే పద్ధతిలో నింపామా అన్నదే మన లెక్కలకు విలువ తెస్తుందని మా దృఢమైన అభిప్రాయం.

సుమారు 0.3 మిల్లీమీటర్ల రంధ్రాలున్న వలను పడవ పక్కన లాగితే ఎక్కువ నీటిని వడపోయవచ్చు. వల నోటి దగ్గర అమర్చిన ప్రవాహమాపకం వల్ల ఎంత నీరు లోపలికి వెళ్లిందో తెలుస్తుంది. అయితే బట్టల నుంచి రాలే సన్నని పోగులు ఆ రంధ్రాల్లోంచి జారిపోతాయి కాబట్టి, వాటి కోసం గాజు సీసాలతో నీటిని నేరుగా ముంచి తీశాం. ఈ రెండు పద్ధతుల ఫలితాలను కలిపి చూడకూడదు. ఒకే చోట సీసా లెక్క వల లెక్కను ఎంతో మించిపోవచ్చు. అంతమాత్రాన అక్కడి నీరు హఠాత్తుగా పాడైందని అర్థం కాదు. అందుకే రెండు పట్టికలనూ విడివిడిగా ఉంచాం.

శిక్షణలో ఎక్కువ సమయం నమూనా కలుషితం కాకుండా చూసుకోవడానికే కేటాయించాం. గాలిలో తేలే పోగులు, మనం వేసుకున్న సింథటిక్ దుస్తులు, చివరికి నైలాన్ వల కూడా నమూనాలోకి ప్లాస్టిక్‌ను చేర్చగలవు. కార్యకర్తలు నూలు బట్టలు ధరించి, గాలి వీచే దిశకు ఎదురుగా నిలబడి నీరు తీశారు. వడపోసిన శుభ్రమైన నీటితో ఒక ఖాళీ నమూనాను కూడా సిద్ధం చేసి, అసలు నమూనాలతో పాటే అన్ని దశలూ దాటించారు. దానిలో కనిపించిన పోగులను బట్టే మిగతా లెక్కలను సరిచూస్తాం. వల దారం ముక్కను కూడా పోలిక కోసం భద్రపరిచాం.

సేంద్రియ పదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కరిగించే పని ప్రమాదకరమైనది కనుక దానిని ప్రయోగశాల సిబ్బందికే అప్పగించాం. తర్వాత సంతృప్త ఉప్పునీటిలో కణాలను తేల్చి వేరుచేస్తారు. ఆ ద్రావణం సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.2 గ్రాములే కావడంతో పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ తేలతాయి గానీ, 1.38 గ్రాముల సాంద్రత గల, నీళ్ల సీసాల తయారీకి వాడే పెట్ (PET) ప్లాస్టిక్ మునిగిపోతుంది. జింక్ క్లోరైడ్ వాడితే అదీ తేలుతుంది. కానీ ఆ రసాయనం జలచరాలకు విషం, ఖర్చూ ఎక్కువ. కాబట్టి ఉప్పునీటినే కొనసాగిస్తూ, బరువైన ప్లాస్టిక్‌ల లెక్క తక్కువగా వస్తుందని ప్రతి పట్టిక కింద రాశాం.

అర మిల్లీమీటరు కంటే చిన్న కణాన్ని కేవలం చూసి ప్లాస్టిక్ అని తేల్చడం నమ్మదగినది కాదు. అలాంటి వాటిలో కొన్నింటిని కాంతి సాయంతో పదార్థం ఏదో గుర్తించే రామన్, పరారుణ వర్ణపట పరీక్షలకు పంపుతున్నాం; ఆ ఫలితాలు వచ్చేదాకా వాటిని ‘అనుమానిత కణాలు’గానే నమోదు చేస్తాం.

వాన నీరు రోడ్ల మీది టైర్ల అరుగుదలను, చెత్తను కాలువల్లోకి మోసుకొస్తుంది. అందువల్ల వచ్చే ఏడాది నుంచి నమోదు పత్రంలో గత మూడు రోజుల వర్షపాతం, ప్రవాహ వేగం తప్పనిసరి అవుతాయి. ఈ రెండు గడులూ నింపని పత్రాలను పట్టికల్లో చేర్చం.

ఇట్లు,
కార్యవర్గం