ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి ఒక్కసారి ఇచ్చే ఇరవై వేలు చాలవు

గౌరవనీయులైన కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న ఇంట్లో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసులో సంపాదించే మనిషి చనిపోతే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఆ కుటుంబానికి మీ శాఖ ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తుంది. 2012లో పెంచిన మొత్తం అది. అప్పటి నుంచి బియ్యం, నూనె, బడి ఫీజులు ఎంత పెరిగాయో మీకు తెలియంది కాదు. ఈ సాయం మాత్రం అక్కడే ఉంది.

మా తెలంగాణ పల్లెల్లో మనిషి పోయిన రోజే అప్పు మొదలవుతుంది. ఫ్రీజర్ బాక్సుకు, టెంటుకు, పదకొండో రోజు భోజనాలకు చేబదులు తెస్తారు. ఈలోగా గ్రూపు లోన్ కిస్తీ తేదీ రానే వస్తుంది. మా ఊళ్లో ఒక హమాలీ గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య మరణ ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పత్తి ఏరే కూలి మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. డబ్బు చేతికందిన రోజు బ్యాంకు నుంచి నేరుగా అప్పిచ్చినవాళ్ల ఇంటికే వెళ్లింది. ఇంటికి రూపాయి రాలేదు.

ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. కేంద్రం ఇచ్చే వితంతు పింఛను నెలకు 300 రూపాయలే, అదీ 40 ఏళ్లు నిండితేనే. చిన్న పిల్లలతో మిగిలిపోయేది ఈ వయసు వాళ్లే కదా! వాళ్లనే పక్కన పెట్టే ఈ నిబంధన ఎంత ఆలోచించినా నాకు మింగుడు పడదు. రాష్ట్రం ఇచ్చే పింఛను ఉంది కానీ, మంజూరయ్యేదాకా పూట గడవాలి.

అందుకే అడుగుతున్నాను. అంత్యక్రియల ఖర్చుకు కొంత వెంటనే ఇవ్వండి. ఆపైన కనీసం మూడేళ్లు నెలనెలా ఖాతాలో వేయండి, ధరలతో పాటు ఆ మొత్తాన్నీ పెంచండి. జీవితాంతం ఇమ్మనడం లేదు. పిల్లలు బడి మానకుండా, ఆమె ఒక పనిలో కుదురుకునేదాకా చాలు. వితంతు పింఛనుకు ఆ 40 ఏళ్ల షరతు తీసేయండి.

ఇంటిపని చూసుకునే ఇల్లాలు చనిపోయినా ఈ సాయం వర్తిస్తుందని మీ మార్గదర్శకాల్లోనే ఉంది. మా దగ్గర ఆ సంగతి చాలామందికి తెలియదు. పంచాయతీలో మరణం నమోదు చేసేటప్పుడే ఈ దరఖాస్తు కూడా తీసుకోవాలని రాష్ట్రాలకు చెప్పండి.

ఇట్లు,
పల్లెలో దరఖాస్తులు రాసిపెట్టే ఒక పౌరుడు