తెమడని ఎండగట్టమని ఎవరు చెప్పారండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ హెల్త్ పేజీలో "ఛాతీలో తెమడని వారంలో ఎండగట్టేయండి" అని పెద్దక్షరాలతో ఒక ఆర్టికల్ వేశారు, దానికోసం ఒక సిరప్ కూడా తాగమన్నారు, పక్కనే ఊపిరితిత్తుల బొమ్మ గీసి అందులో ఆకుపచ్చ జిగురు రాక్షసుల్ని కూడా కూర్చోబెట్టారు. బొమ్మ చూసి నవ్వుకున్నా గానీ చదివాక నవ్వు రాలేదు. నేను ఇరవై ఏళ్ళ పైనుంచి చెస్ట్ ఫిజియోథెరపీ చేస్తున్నానండి, అంటే పేషెంట్ల ఛాతీలోంచి తెమడ బయటికి తెప్పించడమే నా ఉద్యోగం, పొద్దున లేస్తే ఎవరి వీపు తట్టాలి, ఎవర్ని ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఎవరిచేత దగ్గించాలి, ఇదే గోల. అలాంటిదాన్ని నేనే తెమడ తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వచ్చింది చూడండి.

మీ ఆర్టికల్‌లో పొరపాటు ఎక్కడుందంటే, తెమడంటేనే జబ్బు అన్నట్టు రాశారు. మనకి ముక్కు కారితేనో, దగ్గితే గళ్ళ పడితేనో తప్ప శ్లేష్మం అనేది ఒకటుందని గుర్తు రాదు, అందుకే అది జబ్బుతో వచ్చి జబ్బుతో పోయే సరుకని లెక్కేసుకుంటాం. నిజానికి ఒంట్లో ఏ నలతా లేని రోజు కూడా ముక్కు నుంచి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల దాకా అది పల్చటి పొరలా పరుచుకునే ఉంటుంది. మనం రోజుకి దాదాపు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం, ఆ గాలితో పాటే దుమ్ము, పొగ, పుప్పొడి, బూజు, బ్యాక్టీరియా, వైరస్‌లు, ఇంత చెత్త లోపలికి పోతున్నా ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉంటున్నాయంటే లోపల ఎవరో ఊడుస్తున్నట్టే కదా.

ఆ ఊడ్చే పద్ధతి తెలిస్తే ఇక ఎవరూ ఎండగట్టమని రాయరు. గొట్టాల లోపలి గోడ మీద కంటికి కనపడని నూగు ఉంటుంది, సీలియా అంటారు, ఒక్కో కణం మీద 200 దాకా ఉంటాయి, సెకనుకి 10-15 సార్లు కొట్టుకుంటాయి, అన్నీ ఒకేసారి కాదు, గాలికి చేలో అల లేచినట్టు ఒకదాని వెనక ఒకటి. ఈ నూగు కొట్టుకునేది పల్చటి నీటి పొరలో, ఆ నీటి పొర పైన జెల్లీ లాంటి శ్లేష్మం తేలుతూ ఉంటుంది, నూగు కొసలు దాన్ని పైకి నెడుతూ ఉంటాయి. పెద్ద ఊపిరి గొట్టంలో అయితే నిమిషానికి అర సెంటీమీటరు అటూ ఇటూగా పైకి కదులుతుంది. అలా గొంతు దాకా వచ్చిన దాన్ని మనకి తెలియకుండానే మింగేస్తాం, కడుపులో యాసిడ్ దాని సంగతి చూసుకుంటుంది. ఛీ అనకండి, ఈ ఉత్తరం మొదలుపెట్టిన తర్వాత మీరూ కాస్త మింగే ఉంటారు.

ఇంతకీ ఆ జెల్లీలో ఏముంటుందంటే, 97 శాతం దాకా నీళ్ళే. మిగతా కాస్తలో ఉప్పులు, కొవ్వులు, రకరకాల ప్రొటీన్లు, వాటిల్లో పెద్ద తలకాయలు మ్యూసిన్లు. ఇవి పొడుగాటి తాళ్ళలాంటివి, తాడు పొడుగునా చక్కెర గొలుసులు దట్టంగా వేలాడుతుంటాయి, నీటిని పట్టి ఉంచేదీ చెత్తని అంటించుకునేదీ ఆ గొలుసులే. ఫ్లూ వైరస్ కణంలోకి దూరాలంటే కణం పైన సయాలిక్ యాసిడ్ అనే చక్కెరని పట్టుకోవాలి, సరిగ్గా అదే చక్కెర మ్యూసిన్ల మీద కూడా ఉంటుంది, వైరస్ అదే తలుపనుకుని దీన్ని పట్టుకుని ఇరుక్కుపోతుంది. వైరస్ ఏమైనా తక్కువ తిందా, తప్పించుకోడానికి న్యూరామినిడేజ్ అనే కత్తెర మోసుకుని తిరుగుతుంది, హెచ్1ఎన్1 అంటామే అందులో ఎన్ అంటే ఆ కత్తెరే. ఓసెల్టామివిర్ అనే ఫ్లూ మందు ఆ కత్తెర పని చెయ్యకుండా చేసేదే.

అంటించుకోవడంతో అయిపోలేదు, చంపే సరుకు కూడా ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గురించి అందరికీ తెలుసు, 1928 మాట అది, కానీ అంతకి ఏడేళ్ళ ముందు 1921లో ఆయనకి జలుబు చేస్తే తన ముక్కు చీమిడినే తీసి బ్యాక్టీరియా పెంచే ప్లేట్‌లో వేసుకున్నాడు, చూస్తే చీమిడి చుట్టుపక్కల బ్యాక్టీరియా కరిగిపోయి ఉంది. అలా దొరికిందే లైసోజైమ్. చీమిడిని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు ఉంటారో లేదో గానీ నాకైతే పెన్సిలిన్ కథ కన్నా ఈ కథే ఇష్టం. లైసోజైమ్‌తో పాటు లాక్టోఫెర్రిన్ అని ఇంకొకటి ఉంటుంది, బ్యాక్టీరియాకి కావలసిన ఇనుముని ముందే లాగేసుకుని వాటిని పస్తు పెడుతుంది, ఇంకా సూక్ష్మజీవుల్ని పట్టుకునే ఐజీఏ యాంటీబాడీలు కూడా అందులోనే ఉంటాయి. అన్నిటికన్నా తమాషా అయినది 2019లో అమెరికాలోని ఎంఐటీలో కాథరినా రిబ్బెక్ గారి టీమ్ చూపించింది, మ్యూసిన్ల మీది చక్కెర గొలుసులు సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియాని చంపకుండానే దాని దుడుకుతనం తగ్గిస్తాయట. ఇలాంటి దాన్ని రాక్షసుడిలా గీశారు మీ ఆర్టిస్ట్ గారు.

ఇక ఇన్‌ఫ్లమేషన్ సంగతి, మనవాళ్ళు వాపు అంటారు గానీ ఊపిరితిత్తుల్లో అది కంటికి కనపడే వాపు కాదు. ఒక బ్యాక్టీరియా శ్లేష్మానికి అంటుకుని గోడ తాకకుండానే పైకి వెళ్ళిపోయిందనుకోండి, లోపల ఏ అలారమూ మోగదు, వాచ్‌మన్ దగ్గరే తేలిపోయిన గొడవకి పోలీసులెందుకు. అదే శ్లేష్మం కదలక నిలవుంటే అలారం మోగుతుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు గుంపులుగా వస్తాయి, వాటి దగ్గర ఎలాస్టేజ్ లాంటి ఎంజైమ్‌లు ఉంటాయి, అవి శత్రువుతో పాటు మన గొట్టాల గోడల్ని కూడా కొరికేస్తాయి. మామూలు శ్లేష్మంలో ఆ ఎంజైమ్‌లకి కళ్ళెం వేసే ప్రొటీన్లు కూడా ఉంటాయి, కానీ సైన్యం మరీ ఎక్కువైతే కళ్ళేలు చాలవు. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలకల ప్రయోగం ఒకటుంది, ఎంయూసీ5బీ అనే ఒక్క మ్యూసిన్ లేకుండా ఎలకల్ని పుట్టిస్తే వాటి ఊపిరి దారుల్లో చెత్త పేరుకుపోయి, రకరకాల బ్యాక్టీరియా తిష్ట వేసి, మొదలైన ఇన్‌ఫ్లమేషన్ చల్లారకుండా సాగింది. దాని తోడబుట్టిన ఎంయూసీ5ఏసీ లేని ఎలకలకి ఇలా అవలేదు. ఈ రెండోదే ఆస్తమాలో మోతాదు మించి తయారై గొట్టాలకి బిరడాలా అడ్డం పడేది, అంటే శ్లేష్మం మొత్తాన్ని ఒకే గాటన కట్టడానికి లేదు.

అతి అయితే మంచిది కాదని నాకూ తెలుసండి, ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఏళ్ళ తరబడి ఇరుకైపోయే జబ్బు), బ్రాంకియెక్టసిస్ (గొట్టాలు సాగి వదులైపోయే జబ్బు) వాళ్ళు తెమడతో పడే అవస్థ రోజూ చూస్తున్నదాన్నే. కానీ అక్కడ కూడా చేసేది పల్చన చేసి కదిలించడమే, ఎండగట్టడం కాదు. దీనికి సిస్టిక్ ఫైబ్రోసిస్ కన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. పుట్టుకతో వచ్చే జబ్బు ఇది, 1989లో దీని జీన్ దొరికింది, ఆ జీన్ పాడైతే కణాల మీద ఉప్పు, నీళ్ళు వచ్చిపోయే దారి మూసుకుపోతుంది, శ్లేష్మం కింద ఉండాల్సిన తడి ఆరిపోతుంది, జెల్లీ కాస్తా బంక అయి నూగుని అదిమేస్తుంది. ఇందాక చెప్పిన సూడోమోనాస్ వచ్చి అందులో కాపురం పెడుతుంది, న్యూట్రోఫిల్స్ వచ్చి చచ్చి వాటి డీఎన్ఏ కూడా అందులో కలిసి ఇంకా బంకగా తయారవుతుంది, అలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. ఆస్ట్రేలియాలో సముద్రంలో సర్ఫింగ్ చేసే ఈ పేషెంట్లకి ఊపిరి తేలిగ్గా ఆడుతోందని డాక్టర్లు గమనించారు, ఉప్పునీటి తుంపరలు లోపలికి పోయి నీళ్ళు లాగుతున్నాయన్నమాట, దాని మీద ట్రయల్ చేసి 2006లో రిజల్ట్ బయటపెట్టారు, అప్పట్నించీ 7 శాతం ఉప్పు నీళ్ళని నెబ్యులైజర్‌లో పీల్పించడం మాకు మామూలైపోయింది. ఇలాంటి పిల్లల తల్లులు నా దగ్గరికొచ్చి "మేడమ్, ఆ తెమడ ఆరిపోయే మందేదైనా ఉంటే రాయించండి" అని అడుగుతారు, తెమడ ఎక్కువై కాదమ్మా, తడి తక్కువై అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు మీ పేపర్ చూపించి మరీ అడుగుతున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఇంకొకటి చెప్పాలి. పొట్ట ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన మూడో రోజున మా వార్డులో ఆయాసపడుతున్నాడు, రాత్రి నుంచి జ్వరం కూడా. బాబాయ్ గారూ, గట్టిగా దగ్గండి అంటే "దగ్గితే కుట్లు ఊడిపోతాయమ్మా, మావాడు దగ్గు రాకుండా సిరప్ తెచ్చిచ్చాడు, నిన్న పొద్దుట్నించీ తాగుతున్నా" అన్నాడు ఎంతో సంతోషంగా. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోయి ఉంది, తెమడ గడ్డ ఒకటి గొట్టానికి అడ్డం పడి గాలి పోవట్లేదు. కుట్ల మీద దిండు గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పి, హఫింగ్ చేయించి, అంటే అద్దం మీద ఆవిరి పట్టడానికి హా అని ఊదుతామే అలా ఊదించి, రోజుకి నాలుగైదు సార్లు ఇదే పని, రెండో రోజుకి ఆ గడ్డ బయటికొచ్చింది. సిరప్ తెచ్చినాయన తప్పేం లేదు, తండ్రికి నొప్పి లేకుండా చూద్దామనుకున్నాడు, దగ్గు కూడా ఊడ్చే పనిలో భాగమేనని ఎవరూ చెప్పలేదు అంతే. నూగు మోయలేనంత పేరుకున్నప్పుడు దగ్గే దిక్కు.

సిగరెట్ గురించి మీరు రెండు లైన్లు రాశారు, తప్పేం లేదు గానీ అసలు ముక్క వదిలేశారు. పొగ నూగుని మందకొడిగా చేస్తుంది, కాలక్రమంలో రాల్చేస్తుంది, శ్లేష్మం తయారుచేసే గాబ్లెట్ కణాలని మాత్రం పెంచుతుంది, అంటే చెత్త పెరిగి చీపురు పోయింది, పొద్దున్నే పొగ తాగేవాళ్ళు అంతసేపు కాండ్రించేది అందుకే. మానేసిన కొత్తల్లో కొంతమందికి దగ్గు తగ్గకపోగా పెరుగుతుంది, నూగు మళ్ళీ కోలుకుని పాత బాకీ ఊడుస్తోందన్నమాట, అది తెలియక "మానేస్తేనే దగ్గు ఎక్కువైంది మేడమ్, మళ్ళీ మొదలెట్టా" అని చెప్పినవాళ్ళు నాకు ఒకరిద్దరు కాదు.

పచ్చ రంగు సంగతి. "తెమడ పచ్చగా వస్తే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి" అని మీ ఆర్టికల్‌లో ఉంది, ఇది మాత్రం నిజంగా ప్రమాదకరం. ఆ పచ్చదనం న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది, దాని రంగే పచ్చ, అంటే తెల్ల కణాలు వచ్చి పోరాడుతున్నాయని తెలుస్తుందే తప్ప ఎవరితో పోరాడుతున్నాయో రంగు చెప్పదు. మామూలు వైరల్ జలుబులో కూడా నాలుగు రోజులయ్యాక పచ్చగా మారుతుంది, వైరస్‌కి యాంటీబయాటిక్ వేసి లాభమేంటి. రక్తం పడినా, దగ్గు రెండు వారాలు దాటినా, ఊపిరాడకపోయినా, జ్వరం వదలకపోయినా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే, అవసరమైతే ఆయనే తెమడ పరీక్ష రాస్తారు, 1882లో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టిన దగ్గర్నించీ మైక్రోస్కోప్ కింద తెమడని చూడటం నడుస్తూనే ఉంది.

అలాగని మందులే వద్దనట్లేదు. అలర్జీతో ముక్కు ధారగా కారుతుంటే ఆపే మందు కావాల్సిందే. కానీ మీరు రాసిన ఆ ఎండగట్టే సిరప్‌లో ఉండే పాత రకం అలర్జీ మందు ముక్కునే కాదు, ఛాతీలో స్రావాల్ని కూడా చిక్కబరుస్తుంది, ముందే గళ్ళ బయటికి రాక గురగురమంటున్నవాళ్ళకి అది ఎవరు రాయమన్నారో నాకర్థం కాలేదు. వెంటిలేటర్ మీదున్న మనిషికి గాలిని తడిపి, వేడిచేసి మరీ పంపిస్తాం, ఎందుకంటే ముక్కుని దాటేసి గొట్టంలోంచి పొడిగాలి నేరుగా పోతే శ్లేష్మం గట్టిపడి గొట్టమే మూసుకుపోతుంది. లోపల తడి ఉండటానికి మేం ఇంత తంటాలు పడుతుంటే పేపర్లో ఎండగట్టమని వస్తే ఎలా చెప్పండి.

సవరణ వేస్తే చిన్నదే చాలు, పచ్చ రంగు గురించి రాసిన లైను ఒకటి, ఆ సిరప్ గురించి రాసిన లైను ఒకటి, ఈ రెండూ తప్పని వేయండి. బొమ్మ సంగతి మీ ఇష్టం.

ఇట్లు,
ఒక చెస్ట్ ఫిజియోథెరపిస్ట్, మీ పాత పాఠకురాలు